ముసలమ్మకి కడుపొచ్చింది

“ముసలమ్మకి కడుపొచ్చిందే అమ్మా!”

మంగళవారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చిన నర్సు షర్మిల, కాళ్ళు కడుక్కుంటూ తల్లితో అన్న మాట అది. అని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయింది. చెంబులో నీళ్ళు కారిపోతున్నాయి, కళ్ళు మాత్రం గోడ మీద ఉన్నాయి. వడ్డించిన కంచం అలాగే వదిలేసి మళ్ళీ ఆస్పత్రికి పరుగెత్తింది. ఆ సాయంత్రమే పూర్ణగర్భ సంతాన కేంద్రంలో, స్కానింగు గది గుమ్మంలో తల పగిలి పడి ఉంది. ఇవాళ గురువారం. అనకాపల్లి ఆస్పత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు.

“మల్లీ మాటాడనేదు ఎస్తరమ్మా,” అంది షర్మిల తల్లి సువర్ణమ్మ. “ఏ ముసలమ్మో, ఏటి కడుపో నాకేటి తెలుసు? ఆ మాకవరపాలెం రైతు పెళ్ళాం కొట్టిందంటన్నారు డాక్టరు గారు. నా పిల్ల తల ఎవులు పగలగొట్టారో నువ్వే తేల్చాల.”

ఎస్తర్ రాణి తేలుస్తానంది. ఆ మాట ఆమె ఊరికే అనదు. నర్సీపట్నంలో పెళ్ళి సంబంధం అనుకున్నవాళ్ళెవరైనా ఆమె మేడ మెట్లు ఎక్కాల్సిందే. హిందువులైతే జాతకాలు చూపించుకున్నాక, చర్చివాళ్ళైతే పాస్టరుగారితో మాట్లాడాక. అబ్బాయి ఉద్యోగం నిజమా, మామగారికి ఇంకో కాపురం ఏమైనా ఉందా, అన్నీ ఆమె కూపీ లాగి చెప్పాకే శుభలేఖలు అచ్చుకెళ్ళేవి. ‘రాణి ఎంక్వయిరీస్’ అన్న బోర్డు ఎండకి వెలిసిపోయింది గానీ ఆ పేరు వెలవలేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. తలలో పువ్వు పెట్టుకోని మనిషి, గర్వాన్ని మాత్రం కొప్పులో పువ్వులా తురుముకుని తిరిగేది.

పూర్ణగర్భ కేంద్రం డాక్టర్ సింహాద్రిది. గుమ్మం మీద పెద్ద బోర్డు ఉంది: ‘మీ ఇంట ఉయ్యాల ఊగించే బాధ్యత మాది.’ దాని పక్కనే ఇంకొకటి: ‘పుట్టబోయేది ఆడో మగో చెప్పడం చట్టరీత్యా నేరం.’ ఎస్తర్ రాణి రెండూ చదివి, సువర్ణమ్మని వరండాలో కూచోబెట్టి లోపలికి నడిచింది.

స్కానింగు గదిలో వీరేంద్ర ఉన్నాడు. డాక్టరు పిలిపిస్తే విశాఖపట్నం నుంచి సొంత మారుతీలో దిగిన డిటెక్టివ్. నడుముకి సెల్‌ఫోను, కళ్ళకి నల్లద్దాలు. గదికి ఒక్క కిటికీ అయినా లేదు, అయినా ఆ అద్దాలు తియ్యలేదు.

“రండి రాణిగారూ! పెళ్ళికొడుకు బీడీ కాలుస్తాడా చుట్ట కాలుస్తాడా అన్న కేసు కాదండీ ఇది.”

“అయ్యో, అదైతే మీకే వదిలేసేదాన్ని కదండీ.”

గుమ్మంలో నిలబడ్డ ఆయా సోమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరేంద్ర నల్లద్దాలు సర్దుకుని కేసు చెప్పుకొచ్చాడు.

అతని లెక్క సూటిగానే ఉంది. మాకవరపాలెం దగ్గరి చెరుకు రైతు తాతబ్బాయి, అతని భార్య మణి. పెళ్ళై తొమ్మిదేళ్ళైనా పిల్లల్లేరు. ఇక్కడ వైద్యం చేయించుకుంటే గర్భం వచ్చిందన్నారు. పోయిన వారం స్కానింగు చేసి, పిండం కరిగిపోయింది, కడిగెయ్యాలి అన్నాడు డాక్టరు. మణి ఒప్పుకోలేదు. ఆ టీవీ ఇటు తిప్పు, నేను చూస్తానని ఆస్పత్రి అదిరేలా అరిచింది. మంగళవారం సాయంత్రం మళ్ళీ వచ్చి, అడ్డొచ్చిన షర్మిలని సెలైను స్టాండుతో కొట్టి పారిపోయింది. వరండాలో వదిలేసిన నీలం పట్టీల చెప్పులు సాక్ష్యం. అవి మణివేనని సోమలమ్మ గుర్తుపట్టింది.

“మనిషిని చూసిందెవరు?” అంది ఎస్తర్ రాణి.

“డాక్టరుగారు. పారిపోతుంటే వెనకనుంచి.”

“వెనకనుంచి చీర కనపడుతుంది. మనిషెలా కనపడిందీ?”

“చెప్పులున్నాయి కదా మేడమ్!”

కాగితంలో చుట్టిపెట్టిన ఆ చెప్పుల్ని ఎస్తర్ రాణి విప్పి చూసింది. రెండింటికీ పక్క కుట్లు పిగిలిపోయాయి. మడమ దగ్గర అట్ట బయటికి పొంగింది. చిన్న చెప్పులో పెద్ద పాదం ఇరికిస్తే తప్ప అలా అవదు. మళ్ళీ కాగితంలో చుట్టేసింది.

తర్వాత స్కానింగు మిషను మీద కప్పిన కుట్టుపూల గుడ్డ తీసింది. మిషను నెత్తిన కుంకంబొట్టు. తెర కింద ఒకటి. కడుపు మీద ఆనించి తిప్పే పిడి ఉంటుందే, దాని కొసన ఒకటి.

“ఈ బొట్లు ఎవరు పెట్టారు సోమలమ్మా?”

“నానేనమ్మా. దసరాకి ఆయుధపూజ సేసినాం గదా. కత్తులకీ, కత్తెరలకీ, డాక్టరుగారి కారుకీ, అన్నిటికీ ఎట్టినాను.”

“అప్పట్నించి మళ్ళీ పెట్టావా?”

“ఏడాదికోపాలే గదమ్మా దసరా!”

దసరా వెళ్ళి వేసవి నడుస్తోంది. పిడి కొసన పెట్టిన బొట్టు పెట్టినట్టే ఉంది. చుట్టూ పసుపు అంచు కూడా చెదరలేదు. ఎస్తర్ రాణి పక్కనున్న జెల్లీ సీసా తీసి నొక్కింది. మూతి ఎండి రాయైపోయింది, చుక్క రాలేదు.

“అవన్నీ డాక్టర్ల సామాన్లు మేడమ్, మనకెందుకు?” అన్నాడు వీరేంద్ర. ఆపైన గొంతు తగ్గించి, “మీకు పిల్లల్లేరని విన్నాను. ఇలాంటి కేసుల్లో మనసు అటే మొగ్గుతుందిలెండి, తప్పులేదు,” అన్నాడు.

ఎస్తర్ రాణి ఆ కుట్టుపూల గుడ్డని నాలుగు మడతలు పెట్టి మంచం మీద పెట్టింది.

“లేరండీ. నేనూ మా ఆయన జోసఫ్ రాజూ ఏళ్ళ తరబడి మిషనాస్పత్రి చుట్టూ తిరిగాం. మందులు వేసుకున్నాం, ప్రార్థనలు చేసుకున్నాం. అవలేదు. ఒక్కరోజు కూడా తల దించుకుని వెళ్ళలేదు, తల దించుకుని రాలేదు. తిరిగినదాన్ని కాబట్టి స్కానింగంటే ఏమిటో తెలుసు. కడుపు మీద ఆ జెల్లీ రాస్తే ఒళ్ళంతా జివ్వుమంటుంది. మీకు తెలిసే యోగం లేదు, పాపం.”

బయట ఆటో ఆగింది.

ముందు తాతబ్బాయి దిగాడు. వెనక మణి. పొడగరి, నల్లటి మనిషి, మొహం పీక్కుపోయి ఉంది గానీ మెడ మాత్రం నిటారుగా ఉంది. కాళ్ళకి పెద్ద తోలు చెప్పులు. అడుగేస్తే పాదం ముందుకి, చెప్పు వెనక్కి. ఆఖర్న అత్తగారు అప్పయమ్మ దిగింది. మండుటెండలో ఉత్త కాళ్ళతో.

ఎస్తర్ రాణి చూపు ఆ ముగ్గురి మొహాల మీద కంటే కాళ్ళ మీదే ఎక్కువసేపు నిలిచింది.

“రాజీ కుదిరిపోయింది మేడమ్, మీకు శ్రమ తప్పింది,” అన్నాడు వీరేంద్ర హుషారుగా. “నర్సు జారిపడిందనే అనకాపల్లిలో చెప్పాం. ఈవిడ బుద్ధిగా కడిగించుకుని వెళ్ళిపోతే డాక్టరుగారు పోలీసు కేసు పెట్టరు. లేదంటే సాయంత్రానికి హత్యాయత్నం కేసు. నేనే మాట్లాడి ఒప్పించాను, ఆడమనిషి కదా అని.”

“ఎవరిని ఒప్పించారు, డాక్టర్నా?”

“ఆయన మనసు మంచిది లెండి, ఆయనే అన్నారు.”

“తన నర్సు తల పగలగొట్టిన మనిషికి తన చేత్తోనే వైద్యం చేస్తానన్నాడా? మరీ అంత మంచి మనసా?”

వీరేంద్ర మొదటిసారి నల్లద్దాలు తీశాడు. ఎస్తర్ రాణి అతన్ని అక్కడే వదిలేసి, మణి పక్కకెళ్ళి బల్ల మీద కూచుంది. సువర్ణమ్మ పంపితే వచ్చానని చెప్పింది. మణి ఒక్కసారి వరండా చివరనున్న సువర్ణమ్మ వైపు చూసింది.

“ఆ యమ్మ కూతుర్ని నాను కొట్టనేదండి. సర్మిలమ్మ నాతో నవ్వుతా మాటాడే మనిసి. ఇక్కడ నవ్వే మనిసి అదొక్కతే.”

“మంగళవారం ఇక్కడికొచ్చావా?”

“నేదు. వాంతులు, మంచం దిగనేదు. ఈయన సెరుకు తోటకి నీళ్ళు కట్టడానికెల్లినాడు, మా అత్త సంతకెల్లింది. సాక్షానికి మనిసి నేడు. సెప్పులు సూస్తే నావే. ఎవులు పట్టికెల్లినారో తెలీదు.”

అప్పయమ్మ దగ్గింది. ఎండ వైపు చూస్తూ కూచుంది.

“స్కానింగు చేసినప్పుడు కడుపు మీద చల్లగా ఏదైనా రాశారా?”

“ఏటీ రాయనేదు. సీర మీదే ఆనీ ఆననట్టు తిప్పినాడు. టీవీ తనేపు తిప్పీసుకున్నాడు. సూపించమంటే సట్టం ఒప్పుకోదన్నాడు.” మణి గొంతు లేచింది. “నాను ఆడపిల్లా మొగపిల్లాడా అని అడగనేదమ్మా. ఉన్నాదా నేదా అని అడిగినాను. దానికీ సట్టం అడ్డేటి?”

తాతబ్బాయి భార్య భుజం మీద చెయ్యి వేశాడు. పదిమందిలో భార్య భుజం మీద చెయ్యివేసే రైతు ఆ చుట్టుపక్కల అరుదు. “దీనికి మొండెక్కువండి, మేడమ్. అయినా ఇదే నిలబెట్టింది నన్ను. రెండో పెళ్ళి సేసుకోమని మా పెద్దలు పంచాయితీ ఎట్టినారు. పరీచ్చలో లోపం నాదని తేలిందండి. రెండో పెళ్ళే సెయ్యాలంటే మా ఆవిడికి సెయ్యండని అందరి ముందూ సెప్పీసినాను.”

“సెప్పీసినాడండి,” అంది మణి. “ఆ తరవాత సాన్నాళ్ళు మమ్మల్ని పంచాయితీకి ఎవులూ పిలవనేదు.” మొగుణ్ణి చూసిన ఆ చూపులో తొమ్మిదేళ్ళ దిగులు ఎక్కడా లేదు. కొండ మీంచి తన పొలం చూసుకునే రైతు చూపు అది.

“గర్భం నిలవడానికి వారం వారం సూదులిచ్చారా?”

మణి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “ఇచ్చీవారు. ఐసు పెట్టిన ప్లాస్కులో ఇంటికి పట్టికెల్లి ఆరెంపీ జోగులు సేత ఏయించుకోమన్నారు. రెండేయించుకుని మానేసినాను. ఉగాదికి ముందే. ఆటికే వాంతులనుకున్నాను. డాక్టరుకి సెప్పకండి.”

“మానేశాక వాంతులు తగ్గాయా?”

“నేదు. ఎక్కువైనాయి.”

లోపలినుంచి సోమలమ్మ పిలిచింది. “మణీ, డాక్టరుగారు రమ్మంటన్నారు. ముందు ఉచ్చ సీసా ఇచ్చీ.”

మణి లేచింది. ఎస్తర్ రాణి ఆమె చెయ్యి పట్టుకుంది. “నేను వచ్చి చెప్పేదాకా బల్ల ఎక్కకు.”

“బొమ్మ సూపించకుండా ఎక్కనమ్మా. జైలుకైనా ఎల్తాను గానీ,” అంది మణి. పెద్ద చెప్పులు గుమ్మం దగ్గర విప్పి, తలెత్తుకుని లోపలికెళ్ళింది.

ఎస్తర్ రాణి తాతబ్బాయి వైపు తిరిగింది. “ఎదర మందుల షాపులో గర్భం చూసుకునే కార్డులమ్ముతారు. రెండు పట్రా. బేగి.”

“రెండా మేడమ్?”

“రెండు.”

అతను పరుగెత్తాడు. ఆమె అప్పయమ్మని చెయ్యి పట్టుకుని ఆస్పత్రి వెనక కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఉతికిన దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. మాట బయటికి పోదు.

“అప్పయమ్మగారూ, కోడలి కాళ్ళకున్న తోలు చెప్పులు ఎవరివి?”

“నావే తల్లీ. దానివి పోనాయి గదా, ఇచ్చినాను.”

“మంచి అత్తగారివి. మరి మంగళవారం మీరు సంతకెళ్ళింది ఏ చెప్పులేసుకుని?”

అప్పయమ్మ ఉత్త కాళ్ళని చీర అంచు కిందికి లాక్కుంది.

“నీలం పట్టీలవి వేసుకెళ్ళారు. ఊరివాళ్ళు దూరంనుంచి చూస్తే కోడలనుకోవాలని కాదు, బస్సుకి వేళైపోతే చేతికందినవి తొడుక్కుని వెళ్ళారు. మీ పాదం పెద్దది, కుట్లు పిగిలాయి. వాటిని ఈ వరండాలో వదిలేసి ఉత్తకాళ్ళతో పరుగెత్తారు. సంతకి కాదు వెళ్ళింది, ఇక్కడికి. ఎందుకొచ్చారు?”

ముసలామె కుళాయి గట్టు మీద కూలబడింది. ఏడుపూ మాటా ఒక్కసారే వచ్చాయి.

“నానే తినీసినాను తల్లీ నా మనవణ్ణి! నానే!”

“ఏం చేశారు?”

“కోడలు సూదులొద్దంది. అంత ఖరీదు మందు, ఐసులో ఎట్టి తెచ్చింది, మురుక్కాలవలో పోస్తామా? బలం సూదే గదా అని జోగులు సేత నాను ఏయించుకున్నాను. మోకాళ్ళు నొప్పులు గదా. ఒకటి కాదు, వారం వారం అన్నీ నానే. మిగిలిపోయిన ఆఖరిది మొన్న ఆదివారం కూడా ఏయించుకున్నాను. పిండానికి అందాల్సిన బలం నా మోకాళ్ళకి పోనాది. అదలా కరిగిపోనాది.”

వారం రోజులుగా ఆ పాపం ఒంటరిగా మోసిన ముసలామెని చూసి ఎస్తర్ రాణికి నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. రెండింటినీ ఆపుకుంది. ఇంకా అడగాల్సింది ఉంది.

“మంగళవారం?”

“ఆ రోజు ఉచ్చ సీసా తెమ్మన్నారు. అది మంచం దిగనేదు. తేకపోతే డాక్టరు తిడతాడని…” అప్పయమ్మ కొంగు మొహాన కప్పుకుంది. “నాదే పట్టుకొచ్చి దాని పేరు సెప్పి ఇచ్చీసినాను. సర్మిలమ్మ కార్డులో ఏసింది. కడుపు ఇంకా నిలిచే ఉన్నాదే పిన్నీ, రెండు గీతలొచ్చాయి అని సంబరపడిపోయింది. ఆ పిల్లకి అబద్దం సెప్పలేకపోనాను. ఉచ్చ నాదే తల్లీ, సూదులూ నానే ఏయించుకున్నాను అనీసినాను. అది ఒకటే నవ్వు. సాయంత్రం దాకా కూకో పిన్నీ, డాక్టరుగారితో మాటాడి సెప్తానంది.”

ముసలమ్మకి కడుపొచ్చింది. ఎస్తర్ రాణికి ఆ నవ్వు వినపడింది. చెంబు పట్టుకుని ఆగిపోయిన ఆ పిల్లా కనపడింది.

“సాయంత్రం ఏం విన్నారు?”

“టీవీ గదిలో కేకలు. ‘ఎంతమందికి ఇలాగ సేసినారు సార్’ అని సర్మిలమ్మ. ‘నోరు ముయ్యి’ అని డాక్టరు. తరవాత దబ్బున పడ్డ సప్పుడు. ఇంకేటీ నేదు. నా గురించే తగువనుకున్నాను. నన్నూ కొడతాడని లగెత్తుకెల్లిపోనాను.”

“కోడలి మీద నింద పడుతుంటే ఎందుకు చెప్పలేదమ్మా?”

“ఏ మొకమెట్టుకుని సెప్పను? నీ బిడ్డని నానే తినీసినానని దానికి ఎలగ సెప్పను?”

తాతబ్బాయి కార్డులు తెచ్చాడు. అతని వెనకే అనుమానంగా వీరేంద్ర వచ్చాడు. ఎస్తర్ రాణి ఒక కార్డూ, కుళాయి దగ్గరి ప్లాస్టిక్ గ్లాసూ అప్పయమ్మ చేతిలో పెట్టింది.

“ఆ మరుగుదొడ్లోకి వెళ్ళి పట్టుకురండి.”

“ఓలమ్మో! ఈ వయసులో నా ఉచ్చతో నీకేటి పని?”

“మీ కోడల్ని జైలునుంచి తప్పించేది అదే. వెళ్ళండి.”

వచ్చింది. కుళాయి గట్టు మీద పెట్టిన తెల్ల కార్డు మీద ముందు ఒక గీత, దాని పక్కన గులాబీ రంగులో ఇంకో గీత తేలింది. తాతబ్బాయి తల్లిని చూశాడు, కార్డుని చూశాడు, మళ్ళీ తల్లిని చూశాడు. అప్పయమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. “మీ అయ్య పోయి పన్నెండేళ్ళయింది నాయనా,” అంది దీనంగా.

“ఏమిటీ తమాషా?” అన్నాడు వీరేంద్ర.

“తమాషా మీ డాక్టరుది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళ ఒంట్లో తయారయ్యే సరుకే ఆ సూదిలో ఉంటుంది. అది వేసుకున్నాక కొన్నాళ్ళదాకా కార్డు అబద్ధం చెబుతుందని మిషనాస్పత్రి డాక్టరమ్మ నాకు ముందే చెప్పేది, తొందరపడి సంబరపడకు రాణీ అని. ఆ అబద్ధాన్నే ఈయన వైద్యం చేసుకున్నాడు. వారం వారం సూది, వారం వారం రెండు గీతలు, బొట్టు చెదరని మిషనుతో స్కానింగు. మూడో నెలలో కరిగిపోయిందని కడిగెయ్యడం. కడిగేస్తే ఇక ఏ డాక్టరు చూసినా ఏమీ తేలదు. మీకేసినా రెండు గీతలే వస్తాయి వీరేంద్రగారూ. గర్వంగా మీసం మెలేసుకోవచ్చు.”

వీరేంద్ర మొహంలో రంగు దిగిపోయింది. చెడ్డవాడు కాదు, బోర్డు చూసి నమ్మేసిన మనిషి. “అయితే… మణికి గర్భమే లేదన్నమాట. కడిగినా పోయేదేం లేదు కదా,” అన్నాడు నెమ్మదిగా.

ఎస్తర్ రాణి అప్పటికే లోపలికి నడుస్తోంది.

ఆపరేషను గది తలుపు మూసి ఉంది. పక్కన కిటికీ గట్టు మీద మణి పేరు రాసిన ప్లాస్టరు అంటించిన చిన్న సీసా. సోమలమ్మ తీసి పెట్టింది, ఎవరూ పరీక్షించలేదు. డాక్టరుకి ఆ అవసరం లేదు, జవాబు ఆయనకి ముందే తెలుసు. ఎస్తర్ రాణి మూత తీసి, రెండో కార్డు మీద చుక్కలు వేసింది.

ఒక గీత. దాని పక్కన ఇంకొకటి, ముదురు రంగులో.

“చూశారా, ఇదీ అంతే!” అన్నాడు వీరేంద్ర.

“అప్పయమ్మగారి ఒంట్లో సూది ఉంది. మణి ఉగాదికి ముందే మానేసింది. మరి ఈ రెండో గీత ఎక్కడిది?”

ముందుగా అర్థమైంది తాతబ్బాయికి. “మార్చిలో… ఒకపాలి నాది తీసి, శుభ్రం సేసి ఎక్కించినారు…”

“ఆ ఒక్క వైద్యం నిజంగా చేశాడు. అది ఫలించింది. ఫలించిన సంగతి చేసినవాడికే తెలీదు. లోపం నీదన్నారు కదూ, కణాలు తక్కువంటే అసలు లేవని కాదయ్యా. నీ బిడ్డ లోపలుంది.” ఎస్తర్ రాణి తలుపు మీద దబదబా బాదింది. “డాక్టరుగారూ, తలుపు తియ్యండి! మణీ!”

లోపల ఏదో ఇనప సామాను ఘల్లున నేల మీద పడింది.

తాతబ్బాయి రెండడుగులు వెనక్కి వేసి భుజంతో గుద్దాడు. రెండోసారి వీరేంద్ర కూడా భుజం కలిపాడు. గడియ ఊడి తలుపు గోడకి కొట్టుకుంది.

బల్ల ఖాళీగా ఉంది. కత్తెరలూ, పళ్ళేలూ నేలంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. మూలన మణి నిలబడి ఉంది. ఒక చేత్తో సెలైను స్టాండుని బల్లెంలా అడ్డం పట్టుకుంది, రెండో చెయ్యి కడుపు మీద ఉంది.

“బొమ్మ సూపించమన్నాను. సూపించనన్నాడు. బల్ల ఎక్కనన్నాను. సూది పట్టుకుని మీదకొచ్చినాడు,” అంది ఆయాసపడుతూ. “ఆ సర్మిలమ్మని నాను కొట్టనేదు గానీ, ఈణ్ణి మాత్రం కొట్టినాను. ఆ ఎనక గదిలోకి పారిపోనాడు. రాసుకోండి కేసు.”

ఎస్తర్ రాణి కార్డు ఆమె చేతిలో పెట్టి చెప్పింది. మణి రెండు గీతల్ని చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు.

“నాను సెప్పనేదా?” అంది మొగుడితో. “ఉన్నాదని నాకు తెలుసని సెప్పనేదా?”

గుమ్మం అవతల అప్పయమ్మ లోపలికి రాలేక నిలబడి ఉంది. ఎస్తర్ రాణి వెళ్ళి ఆమెని లాక్కొచ్చింది. “ఈవిడ నీ సూదులన్నీ దొంగతనంగా వేయించుకుంది మణీ. వేయించుకోకపోతే ఈ దొంగ దొరికేవాడు కాదు. నీ కడుపులోది కడుగులో పోయేది.”

మణి అత్తగారిని ఎగాదిగా చూసింది. “మోకాళ్ళు తగ్గినాయా?” అంది.

“నేదే తల్లీ,” అంది అప్పయమ్మ, అప్పుడు ఘొల్లుమంది.

ఆ ఏడుపులో వెనక తలుపు ఎవరూ పట్టించుకోలేదు. చేతులు కడుక్కునే గదిలోంచి పెరట్లోకి ఒక తలుపుంది. అది తెరిచి ఉంది. అవతల కారు స్టార్టయిన శబ్దం, గేటుకి రాసుకుంటూ రోడ్డెక్కిన శబ్దం వినిపించాయి.

“అనకాపల్లి!” అంది ఎస్తర్ రాణి. “షర్మిల దగ్గర ఎవరున్నారు? సువర్ణమ్మ ఇక్కడే ఉందే?”

వీరేంద్ర వరండా వైపు తిరిగాడు. “రాజీకి సాక్షి కావాలని ఆవిడని నేనే రమ్మన్నాను. అక్కడ ఎవరూ… ఎవరూ లేరు.”

నడుమునుంచి సెల్‌ఫోను లాగి, సిగ్నలు కోసం పెరట్లోకి పరుగెత్తి, అనకాపల్లి ఆస్పత్రి నంబరు నొక్కాడు. అందరికీ వినపడేలా అరుస్తూ మాట్లాడాడు. అవతలివాళ్ళు చెప్పింది విన్నాక అరుపు ఆగింది.

“ఏమన్నారు?”

“షర్మిల కళ్ళు తెరిచిందట. మాట్లాడుతోందట.” అతను ఎస్తర్ రాణి కళ్ళలోకి చూడలేకపోయాడు. “మీ డాక్టరుగారికి కూడా ఇందాకే ఫోన్ చేసి చెప్పాం సార్, నేనే వచ్చి చూసుకుంటాను, ఎవర్నీ దగ్గరికి రానివ్వకండన్నారు, అంటున్నారు.”

“మళ్ళీ చెయ్యండి. ఆయన్నే రానివ్వొద్దనండి.”

చేశాడు. ఈసారి లైను దొరకలేదు.

ఎస్తర్ రాణి చెయ్యి చాచింది. వీరేంద్ర మారుతీ తాళాలు ఆ చేతిలో పెట్టి, తనే ముందు పరుగెత్తి తలుపు తెరిచాడు. సువర్ణమ్మ అప్పటికే వెనక సీట్లో ఉంది. ఇంజను స్టార్టయ్యేసరికి ఆమె పక్కకి ఇంకెవరో దూరారు. ఎస్తర్ రాణి అద్దంలో చూసింది. అప్పయమ్మ. కాళ్ళకి తన తోలు చెప్పులు తొడుక్కుని, మెడ నిటారుగా పెట్టుకుని కూచుంది.

“పోనీ తల్లీ, బేగి పోనీ,” అంది. “ఆడి గొంతు విన్నదాన్ని నానున్నాను. ఆడెదరే సెప్తాను.”